వెయ్యి మందిలో ఇరవై ఎనిమిది పాజిటివ్‌లు, వాటిలో నిజమైనవి ఎన్ని?

కోవిడ్ తొలి నెలల్లో రోజూ బులెటిన్‌లో వచ్చిన కేసుల సంఖ్య పరీక్షల్లో బయటపడినవారి లెక్క మాత్రమే. లక్షణాలు లేకుండానే కోలుకున్నవారి లెక్క తేలాలంటే రక్తంలో యాంటీబాడీలను వెతకాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 మే, జూన్ నెలల్లో తొలి జాతీయ సీరో సర్వే చేసింది ఇందుకే. 21 రాష్ట్రాల్లోని 70 జిల్లాల్లో, జిల్లాకు 400 మంది చొప్పున పెద్దల రక్త నమూనాలు సేకరించారు; కృష్ణా, నెల్లూరు, విజయనగరం, కామారెడ్డి, జనగామ, నల్గొండ ఆ జాబితాలో ఉన్నాయి.

చివరికి వైరస్ సోకినవారు 0.73 శాతమని తేలింది. ఇంత చిన్న అంకెను రాబట్టడం ఎంత కష్టమో చూడండి. యాంటీబాడీలను గుర్తించడానికి వాడిన కోవిడ్ కవచ్ ఎలైసా కిట్ స్పెసిఫిసిటీ 97.9 శాతం, అంటే వైరస్ సోకని వెయ్యి మందిలో 21 మందికి అది పొరపాటున పాజిటివ్ చూపుతుంది. నిజంగా సోకినవారు వెయ్యికి ఏడుగురే ఉన్నచోట ఆ కిట్ దాదాపు 28 మందిని పట్టి చూపిస్తుంది. 1978 నాటి రోగన్–గ్లాడెన్ సూత్రంతో ఈ తప్పుడు పాజిటివ్‌లను తీసివేయవచ్చు, కాని ఆ 97.9 కూడా పరిమిత నమూనాల మీద వేసిన అంచనాయే కదా! అది నిజానికి 97.2 అయివుంటే ఆ 28 పాజిటివ్‌లూ తప్పుడువే కావచ్చు. అందుకే కవచ్‌లో పాజిటివ్ వచ్చిన నమూనాలను యూరోఇమ్యూన్ అనే మరో కిట్‌తో మళ్లీ పరీక్షించారు.

యాంటీబాడీలు తయారవడానికి పట్టే వ్యవధిని కూడా కలుపుకొని, మే తొలి రోజుల నాటికే దేశంలో సుమారు 64 లక్షల మంది పెద్దలకు వైరస్ సోకిందని అంచనా వేశారు. దాని 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు సంఖ్య ఉండే అవకాశమున్న హద్దులు, 38 లక్షల నుంచి 1.12 కోట్ల దాకా ఉంది. నన్నడిగితే 64 లక్షలను ఈ రెండు హద్దులు లేకుండా రాయనే కూడదు. జిల్లాల మధ్య పోలిక ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే 0.73 శాతం లెక్కన 400 మందిలో సోకినవారు ముగ్గురే అవుతారు. ఒకచోట ఇద్దరు, పక్క జిల్లాలో నలుగురు తేలినంత మాత్రాన అక్కడ వ్యాప్తి రెట్టింపని చెప్పలేం.

2021 జూన్, జూలైలలో జరిగిన ఈ సర్వే నాలుగో విడతలో 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. అప్పటికి టీకాలు మొదలయ్యాయి కాబట్టి, సోకినవారిని అంచనా కట్టడానికి టీకా వేసుకోనివారిలో తేలిన 62.3 శాతమే మెరుగైన ఆధారం. అయితే టీకా వేసుకోనివారి వయసు, వృత్తి మిగతావారితో సరిపోలవు కనుక ఆ అంకెను కూడా జనాభా మొత్తానికి నేరుగా వర్తింపజేయకూడదు.