గారె, బూరెల తూకం పుస్తకం: పదకొండో వారం

గారె, బూరె అనే మా ఇంటి గినీ పిగ్‌ల తూకం పుస్తకంలో ఈసారి ఎక్కువ పేజీలు గారెకే సరిపోయాయి. తుమ్ములు, ముక్కు కారడం మొదలైనందువల్ల పశువైద్యులు దానికి ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందును రోజుకు రెండు పూటలా ఏడు రోజులు వేయమన్నారు. మందు మొదలుపెట్టిన ఉదయం అది 872 గ్రాములు తూగింది. మూడో రోజుకు 841, ఐదో రోజుకు 812కు దిగింది. బోనులో గడ్డి ఎప్పటిలాగే తరిగిపోతూండడంతో అది తింటూనే ఉందని నమ్మాను; తీరా చూస్తే ఆ వాటా కూడా బూరె తిన్నదే, అదే ఐదు రోజుల్లో బూరె 18 గ్రాములు పెరిగింది. రెండు జీవాలు ఒకే బోనులో ఉన్నప్పుడు గిన్నె చెప్పే సాక్ష్యం చెల్లదు.

తూచే పద్ధతిని మార్చలేదు: వంటింటి డిజిటల్ కాటా మీద ప్లాస్టిక్ డబ్బా పెట్టి, అంకె సున్నాకు తెచ్చి, ఉదయం ఆకుకూర వేయకముందే తూస్తాను. మామూలు రోజుల్లో వారానికొకసారి, మందు నడిచే రోజుల్లో ప్రతి ఉదయం. ఇరవై గ్రాముల అటూ ఇటూ కడుపులోని మేతది, మూత్రానిది. వరుసగా రెండు రోజులు దిగితేనే పట్టించుకుంటాను.

ఐదో రోజున పెంటికలు మిరియాలంత చిన్నవై, ఎండిపోయి కనిపించాయి. గినీ పిగ్ ఒక పగలంతా తినకపోయినా పేగుల కదలిక మందగిస్తుంది కాబట్టి, వైద్యుల సలహాతో పెల్లెట్లను (గుళికల మేతను) పొడిచేసి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మూతి కోసిన సిరంజితో పూటకు పది మిల్లీలీటర్ల చొప్పున రోజుకు ఐదుసార్లు, ముందు పళ్ల వెనుక పక్కనుంచి పెట్టాను. చేదు మందు వేసిన సిరంజిని చూస్తేనే అది తల తిప్పుకొనేది. మేతకు వేరే రంగు సిరంజి వాడాక ఆ పేచీ సగం తగ్గింది.

మధ్యలో మందు నిండుకుంటే ఒక దుకాణంలో, ఇదీ యాంటీబయాటిక్కే కదా అంటూ, పిల్లలకిచ్చే అమాక్సిసిలిన్ సిరప్ చేతిలో పెట్టారు. తిరిగి ఇచ్చేశాను. అది పెన్సిలిన్ జాతిది; ఆ జాతి మందులు నోటి ద్వారా వేస్తే గినీ పిగ్ పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, క్లాస్ట్రిడియం అనే చెడు బ్యాక్టీరియా పెరిగి, దాని విషంతో ప్రాణమే పోవచ్చు.

ఇక బూరె సంగతి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఉండే డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ అనే రకం ప్రయోగశాల ఎలుకలు పుట్టుకతో వచ్చిన లోపం వల్ల అతిగా తిని బరువెక్కుతాయి. బూరెకు అలాంటి సాకేమీ లేదు, గిన్నె నిండా పెల్లెట్లు పోసిన తప్పు నాది. ఇప్పుడు ఒక్కొక్కదానికి రోజుకు రెండు పెద్ద చెంచాలే కొలిచి, విడివిడిగా పెడుతున్నాను. మిగతాదంతా ఎండు గడ్డి, పురుగుమందు కొట్టని చోట కోసి కడిగిన గరిక, సి విటమిన్ కోసం క్యాప్సికం ముక్క. గినీ పిగ్‌లు ఆ విటమిన్‌ను ఒంట్లో తయారుచేసుకోలేవు కనుక క్యాప్సికం మాత్రం ఏ రోజూ మానను.

మందు ఆపిన పదో రోజైన ఈ ఉదయం గారె 863, బూరె 1,071 గ్రాములు. పెంటికలు మళ్లీ పెద్దవై, నున్నగా ఉన్నాయి. గారె నిన్న రాత్రి కొత్తిమీర కట్టను బూరె నోటి నుంచి లాక్కుంది.