గోడ మీద అన్నయ్య ఫోటో

ఈరోజు ఆదివారం, పెద్ద విశేషాలేం లేవు, బట్టలు ఉతుక్కోవడం ఇల్లు సర్దుకోవడం అంతే. పొద్దున పక్కింట్లోకి కొత్తగా దిగినావిడ పలకరించడానికి వచ్చింది, గోడ మీద యూనిఫాంలో ఉన్న అన్నయ్య ఫోటో చూసి ముఖం వెలిగిపోయింది ఆవిడకి. దండ చూసి, "యుద్ధంలో పోయారాండీ?" అని అడిగింది. లేదండీ, ఆత్మహత్య చేసుకున్నాడు అన్నాను. అంతే, ఇంకేం మాట్లాడలేక చూపు తిప్పేసుకుని, పని ఉందంటూ వెళ్ళిపోయింది.

ఆవిడ మీద నాకు కోపం లేదు. కానీ అంతకుముందు క్షణం దాకా ఆ కళ్ళలో ఉన్న గౌరవం ఒక్క మాటతో ఎటు పోయింది? అన్నయ్య చేసిన సర్వీసు అదే కదా, రాత్రుళ్ళు కాసిన కాపలా అదే, పండగలకి రాలేక ఫోన్లో నవ్వుతూ మాట్లాడిన ఆ గొంతు అదే. ఒక్క చివరి రోజు మిగతా అన్ని రోజుల్నీ మింగేస్తానంటే నేను ఒప్పుకోను.

మామూలు జనమే కాదు, ప్రభుత్వాలూ ఇలాగే చేశాయి. అమెరికాలో సైనికుడు చనిపోతే ప్రెసిడెంట్ సంతకంతో ఇంటికి సంతాపం ఉత్తరం వెళ్తుంది కానీ ఆత్మహత్య అయితే పంపేవాళ్ళు కాదు, చాలా ఏళ్ళు అదే పద్ధతి. 2009లో ఇరాక్‌లో ఉన్న కొడుకుని ఇలా పోగొట్టుకున్న ఒక తల్లీతండ్రీ ఆ ఉత్తరం వస్తుందని గోడ మీద చోటు కూడా ఉంచుకున్నారట, రాదని తెలిశాక ఊరుకోకుండా అడుగుతూనే ఉన్నారు. చివరికి 2011 జులైలో ఒబామా ఆ పద్ధతి మార్చాడు, వాళ్ళు బలహీనులు కాబట్టి చనిపోలేదు అని చెప్పాడు. అదైనా యుద్ధప్రాంతంలో ఉండగా పోయినవాళ్ళకే, తిరిగొచ్చాక ఇంట్లో పోయినవాళ్ళకి కాదు. ఉత్తరం ముక్కలో ఏముంది అనిపించొచ్చు ఎవరికైనా, కానీ ఆ గోడ మీద ఖాళీని రోజూ చూసే అమ్మకి తెలుస్తుంది అందులో ఏముందో.

మధ్యాహ్నం వదిన, పాప వచ్చారు. రేపటికి స్కూల్ బూట్లు పాలిష్ చేసుకోవాలంది పాప, సరే అని అన్నయ్య డబ్బా, బ్రష్షు తీశాను. వాడెలా చేసేవాడో అలాగే చూపించాను, ముందు పొడి బ్రష్‌తో దుమ్మంతా దులిపి, మెత్తటి గుడ్డని రెండు వేళ్ళకి బిగించి చుట్టి, కొంచెమంటే కొంచెం పాలిష్ తీసుకుని చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాలి, ఆరాక ఒక్క నీటిచుక్క వేసి మళ్ళీ అదే, తొందరపడితే మెరుపు రాదు. పాప నాలుక బయటపెట్టి మరీ రుద్దుతోంది, అచ్చం వాళ్ళ నాన్నే. మధ్యలో తలెత్తకుండానే, "అత్తా, నాన్న ఎందుకలా చేశాడు?" అంది.

వదిన నా వైపు చూసింది. పిల్లకి అబద్ధం చెప్పకూడదని మేమిద్దరం ముందే అనుకున్నాం, వేరేవాళ్ళ నోటి నుంచి వింటే ఇంకా దెబ్బ. నాన్నకి లోపల చాలా బాధ ఉండేదమ్మా, నిద్ర కూడా పట్టేది కాదు, దానికి డాక్టర్లు ఉంటారు కానీ ఆ సాయం అందేలోపే నాన్న చనిపోయాడు, అందులో నీ తప్పు గానీ అమ్మ తప్పు గానీ ఏమీ లేదు అని చెప్పాను. కాసేపాగి, "నాన్న బూట్లు కూడా ఇలాగే మెరిసేవా?" అంది. ఇంతకంటే బాగా అన్నాను. అప్పుడు నవ్వింది.

ఎందుకు అన్నదానికి ఒక్క కారణం ఎప్పుడూ ఉండదు. చూసినవి, నిద్రలేమి, ఇంటికి దూరం, డాక్టర్ దగ్గరికెళ్తే రికార్డులో ఎక్కుతుందేమో ప్రమోషన్ పోతుందేమో అన్న భయం, అన్నీ కలిసి ఒకరోజు మీద పడతాయి. దగ్గర్లో ఆయుధం ఉండే ఉద్యోగం కూడానూ.

ఏటా నవంబర్‌లో ఇలా అయినవాళ్ళని పోగొట్టుకున్న కుటుంబాల కోసం ఒక రోజు ఉంది. అమెరికా సెనేటర్ హ్యారీ రీడ్ తండ్రి కూడా ఇలాగే పోయారు, ఆయన 1999లో సెనేట్‌లో పెట్టిన తీర్మానంతో మొదలైంది. ఇప్పుడు చాలా దేశాల్లో ఆ రోజు కలుసుకుంటారు. ఈసారి మా ఇంట్లో కూడా చేద్దాం, అన్నయ్య బ్యాచ్‌వాళ్ళని పిలుద్దాం అంది వదిన. అమ్మ వెంటనే సరే అంది, నేను అనుకోలేదు.

అందుకే సాయంత్రం వాళ్ళందరికీ ఫోన్లు చేశాను. ఒకాయన గొంతు ఏదోలా అనిపించింది, ఏమీ లేదు చెల్లెమ్మా నిద్ర సరిగ్గా పట్టట్లేదు అంతే అన్నాడు. అన్నయ్యా, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడిగేశాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని చాలామంది భయపడతారు, అది నిజం కాదు, అడిగితేనే మనిషి నోరు విప్పుతాడు. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అప్పుడప్పుడు అనిపిస్తోంది అన్నాడు. లైన్లో ఉండగానే వాళ్ళావిడని పిలిపించి చెప్పాను, ఈ రాత్రి ఒంటరిగా వదలొద్దు అన్నాను. రేపు పొద్దున్నే ఇద్దరూ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారు. నేనూ వెళ్తున్నా వాళ్ళతో, ఆఫీసుకి లీవ్ మెసేజ్ పెట్టేశాను.