చలిని తట్టుకునే గరిక కోసం: నా అనుభవం

ఆట మైదానాలకు గరికను మించిన గడ్డి లేదనే నేను ఇప్పటికీ అంటాను. ఎంత తొక్కినా కోలుకుంటుంది, నీళ్లు తగ్గినా ఓర్చుకుంటుంది. చలి ముదిరే చోట్ల మాత్రం చలికాలం వెళ్లేసరికి ఎక్కడికక్కడ మచ్చలుగా చచ్చిపోయి ఉంటుంది. చలికి చావని రకం తీయాలని కొన్నేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను.

మామూలు గరికలో 36 క్రోమోజోములుంటాయి, ఆఫ్రికా గరికలో 18. రెంటినీ కలిపితే వచ్చే సంకరంలో 27 ఉంటాయి. అది గొడ్డు మొక్క, విత్తనం కట్టదు. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త 1960లో విడుదల చేసిన టిఫ్‌వే రకం ఇలాంటిదే. తీగ ముక్కలు నాటి పెంచుకోవాల్సిందే కాబట్టి, ఎంచుకున్న ఆ ఒక్క మొక్క మంచిదైతే మైదానమంతా మంచిదే, చెడ్డదైతే అంతా చెడ్డదే. అందుకే ఎంపిక దగ్గర నాకు అంత టెన్షన్.

మొదటి ఏడాది ఆకును చూసి మోసపోయాను. చలి మొదలయ్యాక కూడా పచ్చగా నిలబడిన మొక్కలనే ఏరుకున్నాను. పక్కన ముందుగానే ఎండు రంగుకు తిరిగినవాటిని పట్టించుకోలేదు. చలి తగ్గాక ఎండినట్టున్నవే చిగురించాయి. నేను ముచ్చటపడినవాటిలో చాలా వరకు లేవలేదు. చలి మెల్లగా పెరిగే రోజుల్లో గరిక కాండాల్లో చక్కెరలు పోగేసుకుని, కణాల పొరలను చలికి తగ్గట్టు మార్చుకుంటుంది. బతికేది ఆ తయారీతోనే. పైన ఆకు ఎండిందా పచ్చగా ఉందా అన్నది చూసి ఆ తయారీని కొలవలేం.

ఆ తర్వాత ఫ్రీజింగ్ ఛాంబర్‌లో పరీక్షలు మొదలుపెట్టాను. కుండీలను 4 డిగ్రీల దగ్గర కొన్ని వారాలు చలికి అలవాటు చేసి, ఆపైన గంటకు ఒక డిగ్రీ చొప్పున దించుతూ, ఒక్కో డిగ్రీ దగ్గర కొన్ని కుండీలు బయటికి తీయాలి. సగం మొక్కలు చచ్చే ఉష్ణోగ్రత ఎంతో తేల్చడమే లక్ష్యం. మొదటిసారి ఫలితాలకు తలా తోకా లేదు. ఒకే మొక్క నుంచి తీసిన రెండు కుండీల్లో ఒకటి బతికింది, ఒకటి చచ్చింది. కారణం తెలియడానికి చాలా రోజులు పట్టింది. సున్నా కంటే చల్లబడ్డా నీరు వెంటనే గడ్డకట్టదు, కొన్ని కుండీల్లో ఇంకా నీరుగానే ఉండిపోయింది. రెండోసారి మైనస్ 3 దగ్గర ప్రతి కుండీ మట్టి మీదా ఐసు పలుకులు చల్లి, రాత్రంతా అక్కడే ఉంచాను. అన్నిటిలోనూ గడ్డకట్టడం ఒక్కలాగే మొదలైంది. మొదటిసారి గెలిచిందని సంబరపడిన మొక్క ఈసారి పోల్చడానికి పెట్టిన టిఫ్‌వే కంటే ముందే పోయింది. ఆ సాయంత్రం చాలా బాధపడ్డాను.

బయటికి తీసిన కుండీని చూసి వెంటనే ఏమీ చెప్పలేం. నాలుగు వారాలైనా ఆగాలి. ఆగలేక ఒకసారి ఒక కుండీ మట్టి కడిగేసి, నేలలో పాకే కాండాన్ని బ్లేడుతో చీల్చాను. పైకంతా గోధుమ రంగే. లోపల ఒక కణుపు దగ్గర మాత్రం తెల్లగా, గట్టిగా, గింజంత మొగ్గ. దాని పక్క కణుపు నొక్కితే మెత్తగా జారి, నీళ్లు కారింది. ఒకే కాండంలో రెండు వేళ్ల దూరంలో చావూ బతుకూ.

అమెరికాలోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ నుంచి 2010లో లాటిట్యూడ్ 36, నార్త్‌బ్రిడ్జ్ అనే గరిక రకాలు వచ్చాయి. చలిని తట్టుకునే గరిక సాధ్యమేనని అవి నాకు ధైర్యమిచ్చాయి. కాకపోతే ఛాంబర్‌లో నెగ్గితే సరిపోదు. చలికాలం మధ్యలో నాలుగు రోజులు ఎండ కాస్తే మొక్క మేలుకుని తన తయారీని వదిలేస్తుంది, మళ్లీ చలి విరుచుకుపడితే అప్పుడు పోతుంది. నాకు ఎక్కువ మొక్కలు పోయింది ఇక్కడే.

ఇప్పుడు చేతిలో మూడు మొక్కలు మిగిలాయి. వాటిలో ఒకటి మొదటి ఏడాది నేను పట్టించుకోని ఎండు రంగు మొక్కే. మూడింటినీ ఆరుబయట మడుల్లో, టిఫ్‌వే పక్కనే నాటాను.