ఇంద్రజాల్ ఫాంటమ్: బైండు విప్పి, మూల స్ట్రిప్పులతో సరిపోల్చే పని ఎంతవరకు వచ్చింది

ముసుగు వీరుడు ఫాంటమ్ కథలున్న పాత బొమ్మల పుస్తకాలు, ఇంద్రజాల్ కామిక్స్‌ని నంబర్ల వారీగా సర్దే పని ఒక కొలిక్కి వచ్చింది. మొత్తం సెట్టు పూర్తి చేయాలన్న కోరిక నాకు లేదు. ఒక్కో సంచికలోని కథ అసలు ఏ వార్తాపత్రిక స్ట్రిప్పు (పత్రికలో కొన్ని కొన్ని బొమ్మలుగా వచ్చే ధారావాహిక) నుంచి వచ్చింది, మన చేతికి వచ్చేసరికి అందులో ఏం తీసేశారు, ఏం మార్చారు అన్నది పక్కపక్కన పెట్టి చూడాలన్నదే నా పట్టుదల. ఈ అడవి వీరుడు మన దేశంలో పాతికేళ్ళకు పైగా ఎలా బతికాడో ఆ తేడాల్లోనే తెలుస్తుంది.

ముందు లెక్క సంగతి. ఇంద్రజాల్‌ను టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళ బెనెట్ కోల్‌మన్ సంస్థ 1964 మార్చిలో మొదలుపెట్టింది. తర్వాత 1967లో అమర్ చిత్ర కథ మొదలుపెట్టిన అనంత్ పై అప్పట్లో అక్కడే పనిచేసేవారు. మొదటి సంచిక ‘ది ఫాంటమ్స్ బెల్ట్’. మొదటి 32 సంచికలూ ఫాంటమ్‌వే. ఆ తర్వాత మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్, రిప్ కర్బీ లాంటి వేరే కామిక్ హీరోలు వంతులవారీగా వచ్చారు. 1976లో ఆబిద్ సుర్తి సృష్టించిన బహాదుర్ వచ్చాడు. 1990లో ఆగిపోయేదాకా వెలువడినవి 803. నంబర్లు మాత్రం 805 దాకా ఉంటాయి, ఎందుకంటే సమ్మె వల్ల 123, 124 అసలు అచ్చు కాలేదు. జాబితా రాసుకునేవాళ్ళు ఆ రెండు గళ్ళనూ మొదట్లోనే కొట్టేసుకోవాలి. లేకపోతే లేని పుస్తకాల కోసం వెతుకుతూ కూర్చుంటారు.

నా జాబితా మామూలు ఎక్సెల్ షీటే. సంచిక నంబరు, అట్ట మీది తేదీ, కథ పేరు, అట్ట ఉందా లేదా, పేజీలన్నీ ఉన్నాయా, మూల స్ట్రిప్పు రోజువారీదా ఆదివారందా, ఎప్పటిది, బొమ్మలు ఎవరివి అని గళ్ళు పెట్టాను. 1980లలో సంచికల మీద వరస నంబరు బదులు సంపుటి, సంచిక అని వేసే పద్ధతి వచ్చింది కాబట్టి ఆ రెండింటికీ వేరే గళ్ళు ఉన్నాయి. అమ్మేవాళ్ళు ఫోన్‌లో చెప్పే నంబరు ఈ రెంటిలో ఏదో అడిగి తెలుసుకున్నాకే డబ్బు పంపుతాను.

వేసవిలో పెద్ద పని బైండు పుస్తకాలదే. ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదా, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లోనూ విడి సంచికలు ఇప్పుడు అరుదు. దొరికేవాటిలో ఎక్కువ శాతం పది పన్నెండు కలిపి గట్టి అట్ట వేయించినవే. కొన్ని ఇళ్ళలో పిల్లల కోసం కుట్టించినవి, కొన్ని అద్దె పుస్తకాల షాపులవి. వీటిని చాలామంది సేకర్తలు చులకనగా చూస్తారు. నాకు ఆ చూపు నచ్చదు. విడిగా ఉన్నవి చిత్తుకాగితాల కొట్టుకు పోతే, బైండు చేసినవి కాబట్టే ఇవి మిగిలాయి.

అయినా కొన్నింటిని విప్పక తప్పదు. మనవైపు బైండర్లు పుస్తకాన్ని పక్కనుంచి గుచ్చి కుడతారు. ఆ కుట్టు లోపలి మార్జిన్‌ని మింగేస్తుంది. కుట్టు వైపున్న బొమ్మల్లో మాటలు సగం కనిపించవు, స్కానర్ మీద పేజీ పరుచుకోదు. పైగా మూడు వైపులా కత్తిరిస్తారు కాబట్టి అంచు మీద అచ్చయినది ఏదైనా పోతుంది, అది తిరిగి రాదు. అందుకని నా నియమం ఇది: మాటలు మునిగిపోయినప్పుడే విప్పుతాను. బాగా తెరుచుకుంటే ముట్టుకోను.

విప్పే పద్ధతి చెబుతాను. ముందు ప్రతి పేజీకీ ఫొటో తీసుకోవాలి, వరస తప్పకుండా. తర్వాత గట్టి అట్టను లోపలి కాగితం మడత దగ్గర కోసి వేరు చేయాలి. కుట్టు దారాన్ని ఒక్కసారిగా లాగకూడదు, ప్రతి రెండు రంధ్రాల మధ్యా తెంపి ముక్క ముక్కగా తీయాలి. వీపు మీది జిగురు చాలావరకు మైదా పిండిదే. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేవారు. దాని మీద మిథైల్ సెల్యులోజ్ పొడిని నీళ్ళలో చిక్కగా కలిపి పూస్తే పావుగంటలో మెత్తబడుతుంది. మొండి కత్తితో నెమ్మదిగా గీకాలి. నీళ్ళు నేరుగా పోస్తే న్యూస్‌ప్రింటు వెంటనే పీల్చుకుని చిరుగుతుంది, ఆ చిక్కటి జెల్ అయితే తడిని కొద్దికొద్దిగానే వదులుతుంది. అద్దె షాపు ముద్రలూ పెన్నుతో రాసిన పేర్లూ తడికి కారిపోతాయి, ఆ చోట్లకు జెల్ తగలనివ్వకూడదు. ఆ ముద్రలు నాకు ఇష్టం. ఈ పుస్తకం ఏ ఊరు తిరిగిందో చెప్పేవి అవే.

విడిపోయిన సంచికల్లో తుప్పు పట్టిన పిన్నులు ఉంటాయి. నడిమి పేజీ తెరిచి, పిన్ను కాళ్ళు రెండూ నిటారుగా లేపి, బయటినుంచి తీసేయాలి. తుప్పు పొడిని మెత్తని బ్రష్‌తో దులిపితే చాలు. మళ్ళీ పిన్ను కొట్టను, పాత రంధ్రాల్లోంచే సన్నని నార దారం పోసి లోపల ముడి వేస్తాను. చిరుగులకు సన్నని జపనీస్ టిష్యూ కాగితం, గోధుమ గంజి జిగురు వాడతాను. గంజికి ఒక పాలు పిండి పదార్థం, ఐదు పాళ్ళు నీళ్ళు, సన్నని మంట మీద గాజులా మెరిసేదాకా కలుపుతూ కాచి, గుడ్డలో వడకట్టాలి. టిష్యూని కత్తెరతో కాకుండా చేత్తో చింపితే అంచు పోగులు కాగితంలో కలిసిపోతాయి. సెల్లోటేపు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళొద్దు. పాత టేపు మరకలు వదిలించాలని థిన్నర్ వాడితే రంగులు కూడా లేచిపోతాయి, మరకని మరకలాగే వదిలేయండి.

వర్షాకాలంలో సరిపోల్చే పని పెట్టుకున్నాను. తడి గాలిలో మరమ్మతు చేస్తే గంజి ఆరదు.

లీ ఫాక్ రాసిన ఫాంటమ్ రోజువారీ స్ట్రిప్పు 1936 ఫిబ్రవరి 17న మొదలైంది, ఆదివారం రంగుల పేజీ 1939 మే నెలలో. బొమ్మలు మొదట రే మూర్, ఆయన తర్వాత విల్సన్ మెకాయ్, 1961లో మెకాయ్ మరణం తర్వాత సై బ్యారీ. బ్యారీ 1994 వరకు గీశాడు. మనలో చాలామందికి ఫాంటమ్ అంటే కళ్ళ ముందు మెదిలేది ఆయన గీసిన ముఖమే. మూలం చూడటానికి అమెరికాలో హెర్మీస్ ప్రెస్ వేస్తున్న సంపుటాలు, 1948 నుంచి ఆస్ట్రేలియాలో ఫ్రూ సంస్థ వేస్తున్న పుస్తకాలు పనికొస్తాయి. ఫ్రూ పాత సంచికల్లోనూ కత్తిరింపులు ఉంటాయి కాబట్టి తేదీల కోసం హెర్మీస్ సంపుటాలనే నమ్ముతాను.

ఒక రోజువారీ కథ పదిహేను వారాలు నడిచిందనుకుందాం. వారానికి ఆరు రోజులు, రోజుకు మూడు బొమ్మలు, మొత్తం 270. ఇంద్రజాల్‌లో కథకి 24 పేజీలు, పేజీకి ఏడు బొమ్మలు వేసుకుంటే 168. అంటే మూడోవంతుకు పైగా పోవాలి. పోయినవాటిలో చాలావరకు నిన్నటి కథ గుర్తుచేసే మొదటి బొమ్మలు, అవి పోతేనే పుస్తకంగా చదవడానికి బాగుంటుంది. కానీ బొమ్మల్లో మాటల్లేని అడవి దృశ్యాలూ, మౌనంగా నడిచే గుర్రమూ కూడా పోయాయి. నా దృష్టిలో పెద్ద నష్టం అదే. బ్యారీ అడవిని నల్లటి నీడలతో ఎంత లోతుగా గీశాడో పూర్తి స్ట్రిప్పు చూస్తే గానీ తెలియదు. నలుపు తెలుపు స్ట్రిప్పుకి ఇక్కడ రంగులద్దినప్పుడు ఆ నీడల మీద పచ్చరంగు పరుచుకుంది.

పేర్ల మార్పులు ఇంకా ఆసక్తిగా ఉన్నాయి. 1936 నాటి తొలి కథలో చోటు బెంగాల్, శత్రువులు సింగ్ అనే సముద్రపు దొంగలు. అంటే ఫాక్ మొదట్లో ఆసియా వైపే ఊహించాడు. పోనుపోను ఆ దేశం బెంగాలాగా మారి ఆఫ్రికాలో స్థిరపడింది. కథ ఇండియాకి వచ్చేసరికి బెంగాలాని డెంకాలీ చేశారు, సింగ్‌ని సింగా చేశారు. మన పాఠకుడికి బెంగాల్ మన దేశపు రాష్ట్రమే, సింగ్ పక్కింటి ఇంటిపేరు, మార్చక ఏం చేస్తారు? నా షీటులో ఇప్పుడు ఈ మార్పులకే ఒక గడి పెట్టాను.

అడవి జనాన్ని ఒక తెల్లవాడు తరతరాలుగా కాపాడటమన్న ఊహ ఇవాళ చదివితే ఇబ్బందిగానే ఉంటుంది, ఉండాలి కూడా. అయితే వరసలో చదువుతూ పోతే ఫాక్ మారడం కనిపిస్తుంది. ఆఫ్రికా దేశాలు స్వతంత్రమవుతున్న 1960లలో డాక్టర్ లువాగా అనే నల్లజాతి వైద్యుడు ఎన్నికల్లో గెలిచి దేశాధ్యక్షుడవుతాడు. ఓడిన జనరల్ బబాబు అధికారం లాక్కోవాలని చూస్తే ఫాంటమ్ ఓటు పక్షాన నిలబడతాడు. విడివిడిగా దొరికిన సంచికలు చదివిన చిన్నతనంలో నాకు ఈ వరస అందలేదు. తేదీల వారీగా పెట్టాకే తెలిసింది.

స్కానింగు గురించి రెండు మాటలు. 600 డీపీఐలో టిఫ్‌గా తీస్తున్నాను. ప్రతి పేజీ వెనక నల్ల కాగితం పెడితే అవతలి పేజీ అచ్చు కనిపించదు. పసుపు రంగు తీసేసి తెల్లగా చేసిన కాపీ చదవడానికి వేరుగా ఉంచి, అసలు స్కాన్‌ని ముట్టుకోను.

దాచడానికి పాలీప్రొపిలీన్ కవర్లు మంచివి. పీవీసీ కవరు కొన్నేళ్ళకి జిగటగా మారి అట్టకి అంటుకుంటుంది. లోపల ఆమ్లం లేని అట్టముక్క, పెట్టెలో సిలికా జెల్ పొట్లం, తేమ చూపించే చిన్న మీటరు ఉంటే చాలు. 60 శాతం దాటకుండా చూసుకుంటాను. కలరా ఉండలు కాగితం పక్కన పెట్టను, వాసన ఏళ్ళ తరబడి వదలదు. కొత్తగా కొన్నవాటిలో సిల్వర్ ఫిష్ కనిపిస్తే జిప్ కవర్లో గాలి తీసి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచుతాను. బయటికి తీశాక పూర్తిగా మామూలు వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు, లేకపోతే నీటి చెమ్మ కాగితం మీదికే చేరుతుంది.

ఇక మిగిలింది మెకాయ్ కాలపు కథల వరస, దాంతోపాటు ఫాంటమ్ పెళ్ళి దగ్గర్నుంచి కవలలు పుట్టేదాకా ఉన్న 1977–79 నాటి స్ట్రిప్పులకి సరిపోయే సంచికలు. వాటిలో అట్టలు లేనివే నా దగ్గర ఎక్కువ. చలికాలం గాలి పొడిబారగానే మిగిలిన రెండు బైండు పుస్తకాలు విప్పి, మెకాయ్ కథల దగ్గర్నుంచి మొదలుపెడతాను.