మా బోరు నీళ్ళు ఉప్పెక్కాయి

సంక్రాంతికి ఊరెళ్ళా. పొద్దున్నే పెరట్లో బోరు కొట్టి పుక్కిలిద్దామని నోట్లో పోసుకుంటే ఒకటే ఉప్పు. మా చిన్నప్పుడు ఈ నీళ్ళ కోసమే పక్క వీధి వాళ్ళు బిందెలేసుకుని వచ్చేవాళ్ళు, ఇప్పుడు అమ్మ తాగడానికే కాదు వంటకి కూడా టిన్ను నీళ్ళే వాడుతోంది, బోరు నీళ్ళు పోస్తే కందిపప్పు గంటైనా మెత్తబడట్లేదంట.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. చేపల చెరువులు ముందు నుంచీ ఉన్నాయి, తొంభైల్లో టైగర్ రొయ్య వేసి తెల్లమచ్చ వైరస్‌కి చేతులు కాల్చుకున్నవాళ్ళూ ఉన్నారు, కానీ 2009లో వెనామీ అనే ఇంకో రకం రొయ్యకి పర్మిషన్ వచ్చాక ఊరి రూపే మారిపోయింది. వరి కౌలు కంటే చెరువు కౌలు ఎన్నో రెట్లు, డబ్బులొచ్చాయి, మేడలు లేచాయి, కాదనను.

మా పెదనాన్న మాత్రం తవ్వనన్నాడు. ఆయన చేనుకి మూడు పక్కలా తవ్వేశారు. రొయ్యకి ఉప్పదనం కావాలని ఉప్పునీటి బోర్లు వేసి తోడి నింపుతారు కదా, ఆ నీళ్ళు గట్టు కింద నుంచి ఊటలా చేలోకి దిగుతాయి, రొయ్యలు పట్టేశాక మిగిలినవి మురుగు కాలువలోకి వదిలేస్తారు. దాళ్వా, అంటే రెండో పంట వరి, చూద్దామని వెళ్తే గట్టు వార నాలుగు వరసలు ఆకు కొసలు ఎర్రగా మాడిపోయున్నాయి, మట్టి మీద సున్నం చల్లినట్టు చౌడు, వేలితో గీరి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పే. ఇలా నాలుగేళ్ళు దిగుబడి పడిపోతే ఆయనే వెళ్ళి చేను కౌలుకిచ్చేస్తాడు, అప్పుడు ఊరంతా ఇష్టపడే ఇచ్చాడంటారు. నాకు మండేది అక్కడే.

వరి ఉంటే ఊడుపులు, కలుపులు, కోతలని ఆడవాళ్ళకి పని దొరికేది. అదే చెరువుకైతే మేత చల్లేవాడొకడు, కాపలా ఒకడు చాలు. మా చేలో ఊడ్చిన మామ్మ కనపడి "తెల్లారగట్ల బస్సెక్కి రొయ్యల వలుపుకి పోతన్నా బాబూ, ఐసులో వేళ్ళు మొద్దుబారిపోతన్నాయి" అంది. గడ్డి లేక గేదెల్ని కూడా అమ్మేసుకున్నారంట.

పోనీ చెరువోళ్ళైనా నిశ్చింతగా ఉన్నారా అంటే, 2025 ఆగస్టులో మన రొయ్యలు కొనే అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చెయ్యగానే వాళ్ళకీ నిద్ర పట్టలేదు, సీడు (రొయ్య పిల్లలు), మేత, కరెంటు అన్నీ అప్పే మరి. వరికి తిరిగొద్దామన్నా ఉప్పు పట్టిన నేల వెంటనే పండదు.

కొత్త చెరువు తవ్వే ముందు పక్క చేను రైతు సంతకం ఉండి తీరాలి, నేను కోరేది ఇంతే. పెదనాన్న చేలో నీళ్ళు, మా బోరు నీళ్ళు సీసాల్లో పట్టి టెస్టుకిచ్చా, రిపోర్టు రాగానే ఇక్కడే పెడతా.