8 కోర్ల మీద 40 వీసీపీయూలు: ఎక్కడ తెగుతుంది?

8 కోర్లు, 16 థ్రెడ్లు (కోర్‌కి రెండేసి పనుల వరుసలు) ఉన్న సర్వర్ మీద నాలుగేసి వీసీపీయూలతో (వర్చువల్ ప్రాసెసర్లతో) 10 వీఎంలు (వర్చువల్ మెషీన్లు) పెట్టుకోవచ్చు. లినక్స్‌లో వీఎంలు నడిపే కేవీఎంలో వీసీపీయూ అంటే హోస్ట్ (అసలు సర్వర్) లినక్స్‌కి ఒక మామూలు థ్రెడ్డే, అంటే వంతు వచ్చినప్పుడు కోర్ మీద నడిచే ఒక పని. పని లేకపోతే నిద్రపోతుంది, కోర్ ఖాళీగానే ఉంటుంది. టెస్ట్ సర్వర్లు, చిన్న వెబ్‌సైట్లు ఇలా హాయిగా బతికేస్తాయి. రాత్రి 2 గంటలకు పదింటిలోనూ ఒకేసారి బ్యాకప్ మొదలయ్యేలా పెడితే మాత్రం అన్నీ కొట్టుకుంటాయి. పావుగంట తేడాతో పెట్టండి, అంతే.

అసలు చేయకూడనిది, ఒకే వీఎంకి హోస్ట్ థ్రెడ్లను మించి వీసీపీయూలు ఇవ్వడం. 16 థ్రెడ్ల మీద 24 అడిగితే, కేవీఎం వీఎంలను నిర్వహించే ప్రాక్స్‌మాక్స్ స్టార్ట్ చేయనే చేయదు. కేవీఎంతో కలిసి వీఎంని నడిపే ప్రోగ్రామ్ క్యూఈఎంయూతో నేరుగా నడిపితే హెచ్చరించి ఊరుకుంటుంది. లోపల జరిగేది ఇది: గెస్ట్ (వీఎం లోపలి ఓఎస్) కెర్నల్‌లో ఒక వీసీపీయూ స్పిన్‌లాక్ (దొరికేదాకా నిద్రపోకుండా తిరుగుతూ ఎదురుచూసే తాళం) పట్టుకుని ఉండగా హోస్ట్ దాన్ని కోర్ మీంచి దించేస్తుంది. తాళంచెవి ఉన్నవాడు క్యూలో చివరికి పోయాడు, తలుపు దగ్గరివాళ్లు చోటు ఖాళీ చేయరు. అదే వీఎం వీసీపీయూలు లాక్ కోసం గిరగిరా తిరుగుతూ, లాక్ ఉన్నదానికి దక్కాల్సిన కోర్‌నే తినేస్తాయి. పారావర్చువల్ స్పిన్‌లాక్‌లు (తాను వీఎంలో ఉన్నానని గెస్ట్‌కి తెలిసి, తిరగడం మాని నిద్రపోయే రకం) ఈ బాధను తగ్గిస్తాయి గానీ, లేని కోర్లను తెచ్చిపెట్టలేవు.

సీపీయూ వాడకం శాతం చూసి మోసపోవద్దు, ఎదురుచూపును కొలవండి. లినక్స్ గెస్ట్‌లో టాప్ అనే కమాండ్ చూపే 'ఎస్‌టీ' (స్టీల్) అదే. ఎడతెరిపి లేకుండా 5 శాతం దాటితే వెతకడం మొదలుపెట్టాలి. వీఎంలు నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఈఎస్ఎక్స్ఐలో దాని పేరు సీపీయూ రెడీ. రియల్‌టైమ్ గ్రాఫ్ 20 సెకన్లకోసారి మిల్లీసెకన్లలో లెక్కిస్తుంది కాబట్టి ఒక వీసీపీయూకి 1000 అంటే 5 శాతం. 4 వీసీపీయూల వీఎంకి మొత్తం 4000 వచ్చినా అదే 5 శాతం. భాగించడం మరిచి కంగారుపడేవాళ్లు చాలామంది.

మొదటి మందు వీసీపీయూలు తగ్గించడమే. 8 ఇచ్చిన వీఎం రద్దీ వేళ కూడా రెండింటికి మించి వాడకపోతే 3 చాలు. తరువాత ప్రాక్స్‌మాక్స్ సీపీయూ యూనిట్స్‌లో (ఏ వీఎంకి ఎంత వాటా అని చెప్పే అంకె) డేటాబేస్ వీఎంకి 100 బదులు 300 పెట్టండి. కోర్ల కోసం పోటీ ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. ఎన్ని వీసీపీయూలు ఇవ్వొచ్చన్న లెక్క మాత్రం 16 థ్రెడ్ల మీద కాదు, 8 కోర్ల మీదే వేయండి. ఒకే కోర్‌లోని రెండు థ్రెడ్లూ లెక్కలు చేసే అవే భాగాలను పంచుకుంటాయి.

పిన్ చేసేవాళ్లకు (వీఎంని ఫలానా కోర్ల మీదే నడిచేలా కట్టేసేవాళ్లకు) ఒక్క మాట: ఒక వీఎంని రెండు కోర్లకు కట్టేస్తే ఆ కోర్లు దానికి రాసిచ్చినట్టు కాదు. మిగతా వీఎంలను కూడా అక్కడికి రాకుండా వేరే కోర్లకు కట్టాలి.