ఆ ఫైనల్లో బెంచ్ మీద నుంచి లేచొచ్చిన నలుగురు

అమెరికా కాలేజ్ బాస్కెట్‌బాల్ చూసేవాళ్ళలో చాలామందికి ఒక గట్టి నమ్మకం ఉంటుంది, కాలేజ్‌లోనే స్టార్టింగ్ ఫైవ్‌లో (ఆట మొదలుపెట్టే ఐదుగురిలో) చోటు దొరకనివాడు ఇంక అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఏం ఆడతాడులే అని. వినడానికి లెక్క సరిగ్గానే అనిపిస్తుంది. కాలేజ్ ఆటలో పై అంచె అయిన డివిజన్ వన్‌లో 350కి పైగా కాలేజీలు, ఒక్కోదాంట్లో పదమూడు పద్నాలుగు మంది, అంటే ఐదు వేల మంది దాకా కుర్రాళ్ళు. అటు పక్కన ఎన్‌బీఏలో 30 టీములు, టీముకి 15 మామూలు కాంట్రాక్టులు, ఇంకో మూడు టూ-వే (ఎన్‌బీఏకీ, దాని కింది జీ లీగ్‌కీ మధ్య తిరుగుతూ ఆడేవి), ఏటా డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళని ఎంచుకునేచోట) పిలిచేది మహా అయితే 60 పేర్లు, అందులో యూరప్ నుంచి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. స్టార్లకే చోటు లేని దగ్గర, ఆట మొదలైనప్పుడు టవల్ భుజాన వేసుకుని కూర్చునేవాడికి దారెక్కడిది అని ఎవరైనా అనుకుంటారు. నేను మాత్రం ఇది తప్పు అనే అంటాను, అలా అనడానికి నాకు ఒక్క మ్యాచ్ చాలు.

2018 ఏప్రిల్ 2, శాన్ ఆంటోనియోలో నేషనల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, విలనోవా వర్సెస్ మిషిగన్. మన దగ్గర అప్పటికి మర్నాడు పొద్దున. విలనోవా 79-62తో సునాయాసంగా గెలిచింది, ఆ రోజు ఎక్కువ పాయింట్లు కొట్టింది ఆ ఏడాది నేషనల్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయిన జేలెన్ బ్రన్సన్ కాదు, బెంచ్ మీద నుంచి వచ్చిన డాంటే డివిన్‌చెంజో, 31 పాయింట్లు, ఫైనల్ ఫోర్ (ఆఖరి నాలుగు టీముల దశ) మోస్ట్ అవుట్‌స్టాండింగ్ ప్లేయర్ కూడా అతనే. ఇది అందరికీ గుర్తున్న కథ. అందరూ మర్చిపోయింది ఏంటంటే ఆ రోజు రెండు బెంచీల మీద ఇంకా ఎవరెవరు ఉన్నారన్నది. మిషిగన్ వైపు డంకన్ రాబిన్సన్, జోర్డన్ పూల్. విలనోవా వైపు ఫస్ట్ ఇయర్ కుర్రాడు కాలిన్ గిలెస్పీ. నలుగురికి నలుగురూ ఎన్‌బీఏలో నిలబడ్డారు. అదే మ్యాచ్‌లో స్టార్ట్ చేసిన పదిమందిలో అలా నిలబడ్డవాళ్ళని లెక్కపెడితే బ్రన్సన్, మికల్ బ్రిడ్జెస్, మిషిగన్ సెంటర్ మోరిట్జ్ వాగ్నర్, అంతే, మిగతావాళ్ళు రెండు మూడేళ్ళలో బయటికొచ్చేశారు లేదా అసలు లోపలికే వెళ్ళలేదు.

ఒక్క మ్యాచ్ చూపించి సూత్రం చెప్పేస్తావా అంటారేమో, సూత్రం చెప్పట్లేదు, బెంచ్ మీద కూర్చున్నాడు అన్న ఒక్క మాట పట్టుకుని కుర్రాడి భవిష్యత్తు తేల్చేయకూడదు అంటున్నాను, ఎందుకు కూర్చున్నాడు అన్నది అడగాలి కదా.

రాబిన్సన్‌నే తీసుకోండి. మొదట ఆడింది విలియమ్స్ కాలేజ్‌లో, చదువుకి పేరున్న చిన్న కాలేజీ, డివిజన్ త్రీ, అక్కడ ఆట మీద స్కాలర్‌షిప్ అన్నదే ఉండదు. అక్కణ్ణుంచి మిషిగన్‌కి వచ్చాడు, అప్పటి రూల్ ప్రకారం ఒక ఏడాది ఖాళీగా కూర్చున్నాడు, తర్వాత ఆడాడు, ఆఖరి ఏడాదిలో ఐజేయా లివర్స్ అనే ఫస్ట్ ఇయర్ కుర్రాడికి చోటిచ్చి మళ్ళీ బెంచ్ మీదకి వెళ్ళాడు. ఆ ఫైనల్ నాటికి వయసు 24కి దగ్గర. డ్రాఫ్ట్‌లో అరవై పేర్లు పిలిచారు, అందులో ఇతని పేరు లేదు. మయామి హీట్ టూ-వే కాంట్రాక్ట్ ఇచ్చి సూ ఫాల్స్‌లోని తమ జీ లీగ్ టీముకి పంపింది. 2019-20 సీజన్ వచ్చేసరికి అదే మనిషి ఎన్‌బీఏలో 270 త్రీలు (గీత అవతలి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) కొట్టాడు, వేసిన వాటిలో నూటికి 44 పైనే పడ్డాయి, ఆ ఏడాది టీమ్ ఫైనల్స్‌కి వెళ్ళింది, 2021లో ఐదేళ్ళకి 9 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. అప్పట్లో కాలేజ్‌లో త్రీ గీత 20 అడుగుల 9 అంగుళాలు, ఎన్‌బీఏలో పైభాగాన 23 అడుగుల 9 అంగుళాలు, ఆ మూడడుగులే చాలామంది కాలేజ్ షూటర్ల కెరీర్‌కి అడ్డం పడతాయి, ఇతనికి ఆ దూరం ఒక లెక్కే కాదు. అతను కాలేజ్‌లో చేసిన పనీ ఎన్‌బీఏలో చేసిన పనీ ఒక్కటే, పరిగెత్తి స్క్రీన్ (తోటివాడు అడ్డంగా నిలబడి కట్టే గోడ) దాటి బంతి అందుకుని క్షణంలో వదిలేయడం, బంతి తన చేతిలో ఉండేదే అర సెకను.

నేను చెప్పదలుచుకున్నది కూడా ఇదే. ఎన్‌బీఏలో ఒక టీమ్‌లో బంతి పట్టుకుని ఆట నడిపేవాళ్ళు ఇద్దరు, మహా అంటే ముగ్గురు. మిగతా అందరూ బంతి లేకుండా ఆడేవాళ్ళే. కాలేజ్‌లో రాత్రికి పద్దెనిమిది షాట్లు వేసిన స్టార్ కూడా అక్కడికి వెళ్ళాక మొదట కార్నర్లో నిలబడి ఎదురుచూడటం నేర్చుకోవాలి, అది రానివాడు ఇంటికొస్తాడు. బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ)లో 2011లో దేశమంతా ఊగిపోయేలా ఆడిన జిమ్మర్ ఫ్రెడెట్ డ్రాఫ్ట్‌లో పదో పిక్‌గా (పదో పేరుగా) వెళ్ళాడు, స్కోరింగ్ కాకుండా వేరే పని ఏదీ అతనికి కుదరలేదు, చివరికి చైనాలో షాంఘై టీమ్‌కి వెళ్ళి మళ్ళీ స్టార్ అయ్యాడు. రోల్ ప్లేయర్, అంటే స్టార్ కాకుండా ఏదో ఒక్క పనికి ఉండేవాడు, బంతి లేకుండా ఆడే ఆ పని కాలేజ్‌లోనే నాలుగేళ్ళు చేసి ఉంటాడు.

కానీ ఒక షరతు ఉంది, దాన్ని దాచి మాట్లాడటం అన్యాయం. ఆ ఒక్క పనీ పై లెవెల్లో కూడా పనికొచ్చేదై ఉండాలి, డిఫెన్స్‌లో ఎవరో ఒకరిని కాపలా కాయగలగాలి. విలనోవాలోనే 2016 ఫైనల్ చూడండి, నార్త్ కరొలైనా మీద ఆఖరి క్షణంలో త్రీ కొట్టి 77-74తో గెలిపించిన క్రిస్ జెంకిన్స్, ఆ షాట్‌ని ఇప్పటికీ ప్రతి మార్చిలో చూపిస్తారు. అదే టీమ్‌లో బెంచ్ మీద నుంచి వచ్చి మ్యాచ్‌కి ఆరు పాయింట్ల చిల్లర కొట్టే సన్నటి కుర్రాడు మికల్ బ్రిడ్జెస్. జెంకిన్స్ ఆరడుగుల ఆరంగుళాలు, బ్రిడ్జెస్ కూడా అంతే. జెంకిన్స్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు, బ్రిడ్జెస్‌ని 2024లో న్యూయార్క్ నిక్స్ రాబోయే డ్రాఫ్ట్‌లలో తమ చేతిలో ఉన్న ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఇచ్చి తెచ్చుకుంది. తేడా ఎక్కడంటే జెంకిన్స్ బరువైన మనిషి, కాలేజ్‌లో ఫోర్ (బుట్ట దగ్గర ఆడే పెద్ద మనిషి స్థానం) ఆడేవాడు, పైన ఫోర్లకి ఎత్తు సరిపోదు, వింగ్‌లకి (పక్కల్లో ఆడే చురుకైనవాళ్ళకి) కాళ్ళ వేగం సరిపోదు. బ్రిడ్జెస్ చేతులు చాస్తే ఏడడుగులు, ఎవరినైనా కాయగలడు. ఆ 2016 ఫైనల్లోనే బెంచ్ నుంచి వచ్చి 20 పాయింట్లు కొట్టిన ఫిల్ బూత్ కూడా ఎన్‌బీఏలో నిలదొక్కుకోలేదు. కాబట్టి పెద్ద రాత్రి ఒకటి ఉంటే చాలు అనుకోవడం కూడా పొరపాటే.

బ్రిడ్జెస్ గురించి ఒక ముక్క. ఫిలడెల్ఫియా పక్కనే పుట్టి పెరిగాడు, అక్కడే కాలేజ్, 2018లో పదో పిక్‌గా ఫిలడెల్ఫియా సిక్సర్సే తీసుకుంది, వాళ్ళమ్మ ఆ టీమ్ యజమానుల కంపెనీలోనే హెచ్ఆర్‌లో పెద్ద ఉద్యోగి. ఇంటిల్లిపాదీ సంతోషంలో ఉండగానే గంట తిరగకుండా ఫీనిక్స్‌కి ట్రేడ్ చేసేశారు. నాకు ఆ రోజు తల్చుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇంకోటి, వెళ్ళిన చోటు. విలనోవా 2018 స్టార్టర్ ఎరిక్ పాస్కల్ 41వ పిక్‌గా గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కి వెళ్ళాడు, ఆ ఏడాది వాళ్ళ స్టార్ కర్రీ చెయ్యి విరిగింది, క్లే థాంప్సన్ సీజన్ అంతా లేడు, టీమ్ అట్టడుగున ఉంది, పాస్కల్‌కి బంతి దొరికింది, ఆ ఏడాది కొత్తవాళ్ళలో మేటి ఐదుగురిని ఎంచే ఆల్ రూకీ ఫస్ట్ టీమ్‌లోకి వచ్చాడు. కర్రీ తిరిగొచ్చాక మాత్రం బంతి లేకుండా ఏం చేస్తావు అన్న ప్రశ్న వచ్చింది, మూడు సీజన్లకే ఎన్‌బీఏ అయిపోయింది. ఆస్టిన్ రీవ్స్ దీనికి పూర్తి రివర్స్. 2021లో 42వ పిక్‌గా డెట్రాయిట్ తీసుకుంటానంటే వద్దని చెప్పి, డ్రాఫ్ట్‌లో పేరు రాకపోయినా పర్లేదని లేకర్స్‌తో టూ-వేకి వెళ్ళాడు, అక్కడ తన ఆటకి చోటు ఉందని లెక్కేసుకుని. ఆ 42వ పిక్‌తో డెట్రాయిట్ తీసుకున్నది ఎవరో తెలుసా, మిషిగన్‌లో రాబిన్సన్‌ని బెంచ్ మీదకి పంపిన ఐజేయా లివర్స్.

మా మేనల్లుడు న్యూజెర్సీలో హైస్కూల్ టీమ్‌లో ఆడతాడు, మొన్న ఫోన్లో ఒకటే గొడవ, "మామయ్యా, నేను ఎంత డిఫెన్స్ ఆడినా ఎవరూ చూడరు, స్కోర్ చేసేవాడి వీడియోలే అందరూ షేర్ చేస్తారు" అని. వాడు చెప్పింది నిజమే, వీడియోల్లో స్క్రీన్ పెట్టేవాణ్ణి ఎవరూ చూపించరు. కానీ ఎన్‌బీఏ స్కౌట్‌లు చూసేది వీడియోలు కాదురా, మనిషి రెండో రొటేషన్‌కి (డిఫెన్స్‌లో తోటివాడు వదిలిన చోటుని కప్పడానికి జరగడానికి) టైమ్‌కి వచ్చాడా లేదా, అలసిపోయినప్పుడు కాళ్ళు కదుపుతున్నాడా లేదా అని చూస్తారు అన్నాను. గిలెస్పీ సంగతి చెప్పాను వాడికి. ఐదేళ్ళు విలనోవాలోనే ఉండి బిగ్ ఈస్ట్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ దాకా ఎదిగాడు, 2022లో డ్రాఫ్ట్ అవ్వలేదు, డెన్వర్ టూ-వే ఇస్తే ఆ వేసవిలోనే కాలు విరిగి సీజన్ మొత్తం పోయింది, తర్వాత ఫీనిక్స్‌లో ఇంకో టూ-వే, 2025లో గానీ మామూలు కాంట్రాక్ట్ దొరకలేదు. అసలు డివిన్‌చెంజో కూడా మిల్వాకీ, శాక్రమెంటో, గోల్డెన్ స్టేట్, న్యూయార్క్ తిరిగాకే కుదురుకున్నాడు, 2023-24లో 283 త్రీలు కొట్టి నిక్స్ రికార్డు పెట్టాడు, ఆ వెంటనే మళ్ళీ మిన్నెసోటాకి ట్రేడ్.

ప్రొఫెషనల్ అంటే ఎన్‌బీఏ ఒక్కటే కాదు అన్నది కూడా చెప్పాలి. జీ లీగ్‌లో సీజన్ అంతా ఆడితే వచ్చేది 40 వేల డాలర్ల పైచిల్లర, టూ-వే వాడికి ఎన్‌బీఏ కొత్త ఆటగాడి కనీస జీతంలో సగం. అందుకే చాలామంది యూరప్, టర్కీ, ఇజ్రాయెల్, జపాన్, కొరియా వెళ్తారు, విలనోవా ఒమారీ స్పెల్‌మన్ ఫస్ట్ రౌండ్ పిక్ అయ్యుండి కూడా కొరియా లీగ్‌కే వెళ్ళాడు. అక్కడ కుటుంబాన్ని పోషించుకుంటూ పదేళ్ళు ఆడేవాడిని ఫెయిల్ అయ్యాడు అనడం నాకు అస్సలు నచ్చదు.

నాకున్న భయమల్లా ఇప్పుడొచ్చిన పద్ధతితోనే. 2021 నుంచి కాలేజ్ ఆటగాళ్ళకి తమ పేరు మీద డబ్బు తీసుకునే హక్కు వచ్చింది, అది రావాల్సిందే, జెంకిన్స్ లాంటివాళ్ళకి అప్పట్లో పైసా ముట్టలేదు, తను పోగొట్టుకున్న దాని కోసం 2025లో కాలేజ్ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ మీద కేసు కూడా వేశాడు, నా దృష్టిలో అతను చేసింది సబబే. కానీ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజ్ మారాలనుకునేవాళ్ళు పేరు రాయించుకునే జాబితా) తెరిచాక బెంచ్ మీద ఒక్క ఏడాది కూర్చున్న ప్రతి కుర్రాడికీ ఏప్రిల్‌లో పది ఫోన్లు వస్తున్నాయి, మా దగ్గరికి రా, స్టార్‌ని చేస్తాం, ఇంత ఇస్తాం అని. బ్రిడ్జెస్ మొదటి ఏడాది రెడ్‌షర్ట్ (టీమ్‌తో ఉన్నా మ్యాచ్‌లు ఆడకుండా గడిపే ఏడాది), రెండో ఏడాది బెంచ్, ఇవాళైతే అక్కడే ఉండేవాడా? చిన్న టీమ్‌కి వెళ్ళి పద్దెనిమిది షాట్లు వేసుకునేవాడు, ఐదుగురిని కాయడం ఎవరు నేర్పేవాళ్ళు అతనికి? వెళ్ళకూడదని కాదు, రీవ్స్ కూడా విచిటా స్టేట్ నుంచి ఓక్లహోమాకి మారినవాడే, ఏడాది కూర్చుని మరీ ఆడాడు. పోర్టల్లోకి వెళ్ళే కుర్రాళ్ళ ఇళ్ళల్లో కొత్త కోచ్‌ని ఎన్ని నిమిషాలిస్తారు, ఎంతిస్తారు అని అడిగాక, డిఫెన్స్‌లో మావాణ్ణి ఎవరి మీద పెడతారు అని కూడా ఒక్కసారి అడిగితే బాగుంటుంది.